నాలుగు సీట్లు, ముగ్గురు మనుషులు

హైదరాబాద్ అబిడ్స్‌లో చిరాగ్ అలీ లేన్ వైపు ఒక పాత భవనం. దాని మేడ మీద ఆడిటర్‌గారి ఆఫీసు. ఆయన పార్టీల్లో ఒకరు విత్తనాల వ్యాపారి. ప్రైవేటు పైలట్ లైసెన్సు ఈమధ్యే చేతికొచ్చింది. ఇప్పుడు నాలుగు సీట్ల సెకండ్‌హ్యాండ్ సెస్నా 172 కొనాలని మనసు పడి, దాని కొటేషన్ తెచ్చి ఆడిటర్‌గారి బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ఆ కొటేషన్ రాసింది ఎవరో కాదు, ఆడిటర్‌గారి బావమరిదే. బేగంపేటలో కుర్రతనంలో ఎగరడం నేర్చుకుని, చార్టర్లూ శిక్షణ విమానాలూ నడిపి, అరవై అయిదు దాటి వాణిజ్య విమానాలు నడిపే వయసు అయిపోయాక, చిన్న విమానాల బేరాలు కుదిర్చిపెడుతున్న కెప్టెన్. బావాబావమరుదుల వాదన కాబట్టి మొహమాటం లేదు.

ఆడిటర్: కూర్చో. తాజ్‌మహల్ నుంచి కాఫీ తెప్పించాను, చల్లారకముందే తాగు. కొటేషన్ రెండుసార్లు చదివాను. ముందు ఒకటి అడుగుతా, కోపం తెచ్చుకోకు. నువ్వు పైలట్‌వా, బ్రోకర్‌వా?

కెప్టెన్: పైలట్‌ని కాబట్టే బ్రోకర్‌గా పనికొస్తున్నాను బావా. ఎగరడం రానివాడు విమానం అమ్మితే వాడికి తెలిసేది రంగూ, ధరా.

ఆడిటర్: మనం కూర్చున్న ఈ పేటకు పేరిచ్చినవాడూ అమ్మకందారే. ఆల్బర్ట్ ఆబిద్, ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా కొలువులో ఆయన సొంత వస్తువులు చూసుకున్నవాడు, ఇక్కడ దుకాణం పెట్టాడు. ప్రభువు మరిచిపోయిన వస్తువుల్నే తెచ్చి మళ్ళీ ప్రభువుకే అమ్మేవాడని ఊళ్ళో కథ. నిజమో కాదో నాకనవసరం. లోపలి గదిదాకా వెళ్ళగలిగినవాడు అమ్మకానికి దిగితే కొనేవాడికి అడ్డుగోడ ఉండదు. నువ్వు మా పార్టీ పక్కన కాక్‌పిట్‌లో కూర్చుని అమ్ముతున్నావు. గురువూ నువ్వే, దుకాణదారువీ నువ్వే.

కెప్టెన్: లోపలి గది చూసినవాడికే ఏ వస్తువు అక్కర్లేదో తెలుస్తుంది. నేను అమ్మినవాటికన్నా, వద్దని వెనక్కి పంపినవే ఎక్కువ.

ఆడిటర్: వెనక్కి పంపినవాటికి నా దగ్గర వోచర్లు లేవుగా! సరే, అక్కడికి తర్వాత వద్దాం. మొదటి పేజీలో 'నాలుగు సీట్లు' అని లావుపాటి అక్షరాల్లో రాశావు. మా పార్టీ, భార్య, ఇద్దరు ఎదిగిన పిల్లలు, మొత్తం నలుగురు. ఆయనకు అదే నచ్చింది.

కెప్టెన్: మూడో పేజీ తిప్పండి. ఈ మోడలు గాల్లోకి లేవగలిగే గరిష్ఠ బరువు 1,157 కిలోలు. ఖాళీ విమానం బరువు తీసేస్తే మనుషులకూ పెట్రోలుకూ కలిపి సుమారు 400 కిలోలు మిగులుతుంది. ట్యాంకులు నిండా పోస్తే 200 లీటర్లు, అంటే 140 కిలోల పైమాటే. ఇక మిగిలింది 250. సూట్‌కేసు లేకుండా ముగ్గురు. పుష్పక విమానంలో ఎందరెక్కినా ఇంకొకరికి చోటుంటుందని చెప్పుకుంటాం. సెస్నాలో నాలుగు సీట్లున్నా నలుగురికి చోటుండదు. నలుగురూ ఎక్కాలంటే పెట్రోలు తగ్గించాలి, పెట్రోలు తగ్గిస్తే దూరం తగ్గుతుంది.

ఆడిటర్: మరి ఇది మొదటి పేజీలో ఎందుకు లేదు?

కెప్టెన్: మొదటి పేజీ కంపెనీ బ్రోషర్ నుంచి వచ్చింది. మూడో పేజీ నేను రాసింది.

ఆడిటర్: అదీ సంగతి. బ్యాలెన్సు షీట్లలో నా జీవితం గడిచింది కెప్టెన్. మొదటి పేజీలో లాభం, చివర్లో చిన్నక్షరాల నోట్లలో అప్పు. నువ్వు అబద్ధం రాయలేదు. నిజాన్ని ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టలేదు, అంతే.

కెప్టెన్: కాగితం మీద కాదు బావా, నేను విమానంలోనే చూపిస్తాను. డెమో ఫ్లయిట్ అంటే ఎవరైనా డిసెంబరులో పొద్దున్నే పెడతారు. గాలి చల్లగా, చిక్కగా ఉంటుంది, విమానం పిట్టలా లేస్తుంది, కొనేవాడు దిగుతూనే చెక్కు రాస్తాడు. నేను మే నెల మధ్యాహ్నం రెండింటికి పెడతాను. బేగంపేట రన్‌వే సముద్రమట్టానికి 1,741 అడుగుల ఎత్తు. ఎండ 42 డిగ్రీలుంటే గాలి పలచబడి, ఆ విమానానికి తాను దాదాపు 5,400 అడుగుల ఎత్తునున్న రన్‌వే మీద నుంచి లేస్తున్నట్టే ఉంటుంది. రెక్కకు పట్టు తక్కువ, ప్రొపెల్లర్‌కు కోత తక్కువ, ఇంజనుకు ఊపిరి తక్కువ. వెనక సీట్లో బరువు పెట్టి, ట్యాంకులు నింపి, కొనేవాణ్ణే నడపమంటాను. రన్‌వే తరిగిపోతుంటే చక్రాలు ఇంకా నేలనంటుకునే ఉంటాయి. ఆ కొన్ని క్షణాల్లో ఆయన మొహం చూస్తే చాలు, ఈ విమానం ఆయనదో కాదో తెలిసిపోతుంది.

ఆడిటర్: బాగుంది. కానీ అదీ అమ్మకపు మెళకువే. నుమాయిష్‌లో కాశ్మీరు శాలువాలవాడు ముందు తానే ఒక శాలువా పక్కన పడేసి, 'ఇది వద్దమ్మా, మిషన్ పని' అంటాడు. ఆ మాటతో మా ఆవిడకు వాడు చూపించిన తర్వాతి శాలువా మీద అనుమానమే రాదు. దోషం తానే చెప్పినవాణ్ణి మిగతా విషయాల్లో ఎవరూ గుచ్చి అడగరు. నీ మే నెల మధ్యాహ్నం కూడా అలాంటి పక్కన పడేసిన శాలువానే.

కెప్టెన్: అంటే నిజం చెప్పినా తప్పేనా?

ఆడిటర్: తప్పు కాదు. కానీ నిజం చెప్పడం వల్ల నీకు ఏం దక్కుతోందో చూడాలి. విమానం అమ్ముడైతే నీకు కమిషన్. అమ్ముడు కాకపోతే పెట్రోలు ఖర్చు కూడా రాదు. 'వద్దు' అన్న ప్రతిసారీ నువ్వు నష్టపోతున్నావు. నీ మంచితనం మీద నడిచే వ్యాపారం ఇది. నీ తర్వాత వచ్చేవాడికి ఆ మంచితనం లేకపోతే?

కెప్టెన్: పైలట్లంతా ఒకలాంటివాళ్ళని నేననలేదు.

ఆడిటర్: అనలేవు కూడా. మన ఊరి చరిత్రలోనే ఉన్నాడుగా సిడ్నీ కాటన్. ఆస్ట్రేలియా పైలట్, మొదటి ప్రపంచయుద్ధం నుంచీ విమానాలే బతుకు. 1948లో కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో బీదరుకూ వరంగల్‌కూ నిజాం ప్రభుత్వం కోసం ఆయుధాలు మోశాడు. హైదరాబాద్‌ను దేశంలో కలిపిన ఆపరేషన్ పోలో అయిపోయాక బ్రిటన్ కోర్టు అతనికి 200 పౌన్ల జరిమానా వేసింది. చీకట్లో విమానం దింపడం గొప్ప నైపుణ్యమే. నైపుణ్యం ఉన్నవాడు ఏం అమ్ముతున్నాడో, ఎవరికి అమ్ముతున్నాడో అన్నది వేరే ప్రశ్న.

కెప్టెన్: సరుకు పాపం నడిపే చేతికి అంటగడుతున్నారు. నేనూ ఒక పేరు చెబుతా. లూయిస్ థేడెన్, అమెరికా అమ్మాయి. విచిటాలో బొగ్గు కంపెనీలో ఉద్యోగం చేస్తూ, పని ఎగ్గొట్టి ట్రావెల్ ఎయిర్ విమానాల ఫ్యాక్టరీ చుట్టూ తిరిగేది. వాల్టర్ బీచ్ ఆమెను శాన్‌ఫ్రాన్సిస్కోలో తన డీలరు దగ్గరికి పంపాడు. ఎగరడం నేర్పించడం ఆ కొలువు జీతంలో భాగం. అమ్మడానికొచ్చి పైలట్ అయింది. 1929లో అమెరికా మహిళల విమాన పందెం గెలిచింది. 1936లో మగవాళ్ళతో పోటీపడి బెండిక్స్ ట్రోఫీ గెలిచింది, అదీ ఆ వాల్టర్ బీచ్ కంపెనీ తయారుచేసిన బీచ్‌క్రాఫ్ట్ మీదే. చిన్న విమానం మాటలతో అమ్ముడుపోదు, ఎవరో ఒకరు ఎగిరి చూపించాలి. సెస్నా కంపెనీ పెట్టిన క్లైడ్ సెస్నాయే ఓక్లహామాలో కార్లు అమ్మేవాడు. 1911లో విమాన ప్రదర్శన చూసి ఇటు తిరిగాడు.

ఆడిటర్: ఆ పందేలన్నీ కొనేవాళ్ళున్న దేశంలో జరిగాయి. సెస్నా 172లే ఇప్పటికి 44,000కు పైగా తయారయ్యాయి, అందులో మన దేశానికొచ్చినవి చాలా కొద్ది. మన దగ్గర చవకగా విమానాలు దొరికితే ఏమైందో కూడా చెప్పనా? రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అమెరికా సైన్యం వదిలేసిన డకోటాలు అగ్గువకు దొరికాయి. దేశమంతా విమాన కంపెనీలు మొలిచాయి. నిజాం ప్రభుత్వం టాటాలతో కలిసి పెట్టిన మన డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా డకోటాల మీద నడిచినదే. 1950లో జస్టిస్ రాజాధ్యక్ష కమిటీ కూర్చుని లెక్క తీస్తే, ఉన్న రద్దీకి కంపెనీలు ఎక్కువైపోయాయని తేలింది. 1953లో దేశీయ కంపెనీలన్నిటినీ కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేశారు. కొనడం ఎప్పుడూ చవకే, నిలబెట్టుకోవడమే ఖర్చు. అప్పుడు డకోటా అమ్మినవాడు లాభం చూసుకుని వెళ్ళిపోయాడు.

కెప్టెన్: ఆ డెక్కన్ ఎయిర్‌వేసే ప్రేమ్ మాథుర్‌కు పైలట్ ఉద్యోగం ఇచ్చింది బావా. మిగతా కంపెనీలు ఆడపిల్లని తిప్పి పంపాక. మన దేశంలో వాణిజ్య విమానం నడిపిన మొదటి మహిళ హైదరాబాద్ కంపెనీ నుంచే ఎగిరింది. లెక్కల్లో నష్టం కనిపించినవన్నీ నష్టాలు కావు.

ఆడిటర్: అది దేశం ఖాతా. మా పార్టీది సొంత ఖాతా. వద్దు, విమానం సంగతికే వద్దాం. నాకు ఇందులో నచ్చినది ఒక్కటే: తక్కువ తిరిగిన బండి. ఇరవై ఏళ్ళ విమానం, ఇంజను మార్చాక 300 గంటలు కూడా కాలేదు. 2,000 గంటల దాకా ఓవర్‌హాల్ అక్కర్లేదన్నారు. అంటే ఇంకా 1,700 గంటల ఆయుష్షు ఉన్నట్టేగా?

కెప్టెన్: అందుకే లాగ్‌బుక్ జిరాక్సు వెంట తెచ్చాను. ఇటు చూడండి. ఇది ఇంజను లాగ్‌బుక్. ఎయిర్‌ఫ్రేముకు వేరే, ప్రొపెల్లర్‌కు వేరే ఉంటాయి. ఈ పేజీలో జూన్ తొలివారంలో ఒక ఎంట్రీ ఉంది. దాని కింద?

ఆడిటర్: నవంబరు.

కెప్టెన్: తర్వాతి ఏడాది?

ఆడిటర్: మే చివర... ఆ కింద డిసెంబరు.

కెప్టెన్: వానాకాలాలన్నీ విమానం హ్యాంగర్‌లో నిలబడే ఉంది. ఈ లైకమింగ్ ఇంజన్లలో కామ్‌షాఫ్ట్ పైభాగంలో ఉంటుంది. నడవకపోతే నూనె కిందికి జారిపోతుంది, పైన ఇనుము బట్టలేకుండా మిగులుతుంది. వానాకాలం తేమ చేరి సన్నని తుప్పు పడుతుంది. మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడు ఆ తుప్పే ఆకురాయిలా గీరుతుంది. సిలిండర్లో 80 పౌన్ల గాలి పట్టి కంప్రెషన్ చూస్తే పరీక్ష చక్కగా పాసవుతుంది, ఎందుకంటే అది కామ్‌షాఫ్ట్‌ను చూడదు. ఆయిల్ ఫిల్టరు కోసి, మడతలు విప్పి, అయస్కాంతం పెడితే మెరిసే పొడి కనిపిస్తుంది. లేదా ఒక సిలిండరు ఊడదీసి లోపలికి చూడాలి. కార్ల బజారులో తక్కువ తిరిగిన బండి మంచి బండి. ఇక్కడ రోజూ తిరిగిన ఫ్లయింగ్ స్కూలు ఇంజనే ఆరోగ్యంగా ఉంటుంది. పైగా గంటలతో పాటు కాలపరిమితి కూడా ఉంది, పన్నెండేళ్ళకొకసారి ఓవర్‌హాల్ చేయమని తయారీదారే అంటాడు. మీ పార్టీ ఏడాదికి యాభై గంటలు తిరిగితే పన్నెండేళ్ళకు 600 గంటలు. మీరన్న 1,700 గంటలు ఎప్పటికీ రావు.

ఆడిటర్: ... ఈ మాట నాకు తట్టలేదు. అంటే ఈ విమానం కొనకూడదంటావా?

కెప్టెన్: సిలిండరు ఊడదీసి చూడకుండా కొనకూడదు అంటాను. అమ్మే పార్టీ అందుకు ఒప్పుకోవడం లేదు. అదీ మూడో పేజీలోనే ఉంది.

ఆడిటర్: ఒప్పుకోనివాడి విమానానికి నువ్వు కొటేషన్ ఎందుకు పంపావు?

కెప్టెన్: మీ పార్టీ ఫోటో చూసి మనసు పారేసుకున్నాడు. నేను పంపకపోతే ఇంకొకడు పంపుతాడు, మూడో పేజీ లేకుండా.

ఆడిటర్: ఈ జవాబు నేను చాలామంది నోట విన్నాను. 'నేను చేయకపోతే ఇంకొకడు చేస్తాడు.' నీ నోట వినాలనుకోలేదు. సరే. ఇప్పుడు నా వంతు, పన్ను సంగతి. సొంత వాడకానికి దిగుమతయ్యే విమానం మీద ఇదివరకు 28 శాతం జీఎస్టీ, ఆపైన 3 శాతం సెస్సు ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతం. ఫ్లయింగ్ స్కూలుకో చార్టరుకో అయితే 5 శాతం. మీ బజారులో ఎవరో మా పార్టీ చెవిలో ఊదారు: 'స్కూలు పేరు మీద తెప్పించండి సార్, ఆదివారాలు మీరు వాడుకోండి' అని.

కెప్టెన్: నేను కాదు.

ఆడిటర్: నువ్వని నేననలేదు. కానీ నువ్వు అమ్మే సరుకు చుట్టూ తిరిగే మాట ఇది. ఈ పాత విమానం వద్దనుకుని రేపు విదేశం నుంచి తెప్పిద్దామంటే ముందుకొచ్చేది ఈ సలహాయే. 5కూ 40కీ మధ్య ఉన్న తేడా ఒక మనిషిని అబద్ధానికి ఒప్పించేంత పెద్దది. ఇక అప్పు. బ్యాంకువాడు విమానాన్ని తాకట్టు పెట్టుకోడు. కేప్‌టౌన్ ఒప్పందంలో మన దేశం 2008లోనే చేరింది, 2025లో దానికి చట్టం కూడా చేశారు. బాకీ కట్టకపోతే విమానం పట్టుకుపోయే హక్కు అప్పిచ్చినవాడికి దక్కింది. కానీ ఆ ఒప్పందం కనీసం ఎనిమిది మందిని మోసే విమానాల నుంచే మొదలవుతుంది. నాలుగు సీట్లది దాని లెక్కలోకే రాదు. అంటే మా పార్టీ ఇల్లో గోడౌనో తాకట్టు పెట్టాలి.

కెప్టెన్: ఇవి మూడో పేజీలో లేవు. ఒప్పుకుంటాను, నాకు ఇంత వివరంగా తెలియవు.

ఆడిటర్: అసలు ఆయన దీన్ని దేనికి కొంటున్నాడు? నంద్యాల పొలాలు చూసుకోవడానికట. ఓర్వకల్లు విమానాశ్రయంలో దిగితే పని సులువని అన్నాడు.

కెప్టెన్: గాల్లో గంట ప్రయాణం. అది నిజమే. కానీ ఆ గంటకు ముందూ వెనకా ఏముందో కూడా చెప్పాను. వాతావరణం చూసుకోవాలి, ఫ్లయిట్ ప్లాన్ వేయాలి, ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ నంబరు తీసుకోవాలి, విమానం చుట్టూ తిరిగి ప్రతి మరా చూడాలి, ట్యాంకు అడుగు నుంచి పెట్రోలు తీసి నీళ్ళు కలిశాయేమో గాజులో చూడాలి. అవ్‌గ్యాస్ అనే ఆ విమాన పెట్రోలు నీలిరంగులో ఉంటుంది, అది దొరికే చోట్లూ తక్కువే. మన దేశంలో ఇండియన్ ఆయిల్ దాన్ని సొంతంగా తయారుచేసి అమ్మడం మొదలుపెట్టిందే 2022లో. సూర్యాస్తమయమైన ఇరవై నిమిషాలకు కంటిచూపుతో ఎగిరే విమానాలకు దారి మూసేస్తారు. ఓర్వకల్లులో దిగాక పొలానికి మళ్ళీ కారే. వానాకాలం నాలుగు నెలల్లో సగం రోజులు మబ్బు పర్మిషన్ ఇవ్వదు. పనికోసమైతే కారే మేలని నేనే చెప్పాను.

ఆడిటర్: దానికి ఆయనేమన్నాడు?

కెప్టెన్: నవ్వాడు. 'పని కోసం కాదు కెప్టెన్, నాకు కావాలి' అన్నాడు. ఆ ఒక్క మాటకు మాత్రం నేను వ్యతిరేకం చెప్పలేకపోయాను. ఎగరాలనిపించడం తప్పని పైలట్ ఎలా అంటాడు?

ఆడిటర్: చూశావా, నా భయం అక్కడే. నీ ప్రేమే నీ బలహీనత. వాళ్ళావిడ నాకు ఫోన్ చేసింది. ఒకటే ప్రశ్న: 'అది సౌందర్య ఎక్కిన విమానంలాంటిదేనా అన్నయ్యా?' 2004 ఏప్రిల్ 17న, సినీనటి సౌందర్య కరీంనగర్ ఎన్నికల ప్రచారానికని బెంగళూరు జక్కూరు నుంచి బయల్దేరిన చిన్న సెస్నా లేచీలేవగానే కూలి నలుగురు పోయారు. దానికి రెండేళ్ళ ముందు లోక్‌సభ స్పీకర్ బాలయోగిగారి హెలికాప్టర్, అయిదేళ్ళ తర్వాత ముఖ్యమంత్రి రాజశేఖర రెడ్డిగారిది. తెలుగువాళ్ళకు చిన్న విమానమన్నా హెలికాప్టరన్నా టీవీలో స్క్రోలింగే గుర్తొస్తుంది. ఆవిడకు నేనేం చెప్పాలి? నువ్వయితే లెక్కలు చెబుతావు, రోడ్డు ప్రమాదాలతో పోలుస్తావు.

కెప్టెన్: చెప్పను. ఆ ప్రశ్నకు లెక్కలు చెప్పేవాడు బజారు మనిషి. అది సెస్నాయే, వేరే మోడల్. 'లాంటిదేనా' అంటే లాంటిదే. నేను వాళ్ళింటికి వెళ్ళి ఆవిడ ముందే ఒక కాగితం రాయిస్తాను. గాలి ఇంత దాటితే ఎగరను, మబ్బు ఇంత కిందికుంటే ఎగరను, నిద్ర చాలకపోతే ఎగరను, సభకు ఆలస్యమవుతోందని ఎవరు తొందరపెట్టినా ఎగరను. దాని కింద ఆయన సంతకం, ఆవిడ సంతకం. వద్దనే హక్కు ఇంట్లో ఇంకొకరికి ఉండాలి. ఎన్నికల రోజుల్లో నేతల్ని మోసినవాణ్ణి నేను. 'పోదాం పదండి కెప్టెన్, జనం ఎదురుచూస్తున్నారు' అనే మాట ఎంత బరువుగా ఉంటుందో నాకు తెలుసు. ఆ మాటకు తలొగ్గేవాడని అనుమానం వస్తే అతనికి నేను విమానం చూపించను కూడా చూపించను. అమెరికాలో 1947లో బొనాంజా అనే చక్కని వేగమైన విమానం వచ్చింది. డబ్బున్న డాక్టర్లు తమ అనుభవానికి మించిన ఆ విమానాన్ని కొని ప్రాణాలు పోగొట్టుకుంటుంటే దానికి 'డాక్టర్ కిల్లర్' అని పేరు పడింది. డబ్బు చూసి అమ్మితే అదే జరుగుతుంది. మనిషి చేతిని చూసి అమ్మాలి, అది పైలట్‌కే కనబడుతుంది.

ఆడిటర్: ఈ మాట బలంగా ఉంది. నేను కాదనను. కానీ చూడు, ఇన్ని చెప్పాక కూడా నీ కొటేషన్ చివర రాసింది ఏమిటి? అమ్మకం ధర మీద శాతం. ధర పెరిగితే నీ వాటా పెరుగుతుంది, బేరం చెడితే సున్నా. నువ్వు కొనేవాడి పక్షం మాట్లాడుతున్నావు, జీతం మాత్రం అమ్మకం ఇస్తోంది. నా దగ్గరికొచ్చే కంపెనీ నాకు ఫీజిస్తుంది, లెక్కలు బాగున్నా బాగాలేకపోయినా అంతే ఫీజు. అందుకే నేను 'కాదు' అనగలను.

కెప్టెన్: అక్కడే మీరు పొరబడుతున్నారు బావా. మీ దగ్గరికి వాళ్ళు ప్రేమతో రావడం లేదు, చట్టం రమ్మంటే వస్తున్నారు. ఆడిట్ తప్పనిసరి అని కంపెనీల చట్టంలో లేకపోతే 'కాదు' అనే మాటకు మీకెవరు డబ్బిస్తారు? మీ నిజాయితీకి వెనక చట్టం నిలబడింది. సెకండ్‌హ్యాండ్ చిన్న విమానం కొనేముందు పక్షపాతం లేని మనిషితో చూపించుకోవాలని ఏ చట్టమూ లేదు. ఏడాదికొకసారి ఎయిర్‌వర్తీనెస్ పత్రం రావాలి, అది ఎగరడానికి యోగ్యత చెబుతుంది కానీ కొనడానికి యోగ్యత చెప్పదు. 'కొనొద్దు' అన్న సలహాకు ఈ బజారులో ఎవరూ రూపాయి ఇవ్వరు. అందుకే నేను 'కొనండి' అన్నప్పుడు దొరికే దాంట్లోనే 'కొనొద్దు' అన్న రోజుల కూలి కూడా రాబట్టుకోవాలి.

ఆడిటర్: ... చట్టం సంగతి నిజమే. నేనెప్పుడూ అటునుంచి ఆలోచించలేదు. అయితే దానికి మందు చట్టం వచ్చేదాకా ఆగడం కాదు, నీ కొటేషన్ మార్చడం. పెద్ద బజారు ఉన్న అమెరికాలో ఇవి వేరుచేశారని నువ్వే ఒకసారి చెప్పావు.

కెప్టెన్: చెప్పాను. అక్కడ కొనేవాడు తన మెకానిక్‌ను తనే పెట్టుకుంటాడు. విమానాల రిజిస్ట్రీ ఉన్న ఓక్లహామా సిటీలో యాజమాన్యం, తాకట్లు వెతికిపెట్టే కంపెనీలు వేరే ఉంటాయి. డబ్బు మధ్యవర్తి ఖాతాలో ఉంటుంది. అమ్మేవాడు, చూసేవాడు, డబ్బు పట్టుకునేవాడు ముగ్గురు. ఇక్కడ ముగ్గురి పనీ నేనొక్కణ్ణే. బజారు చిన్నదైనప్పుడు మనుషులు దొరకరు.

ఆడిటర్: చిన్న బజారని నువ్వే అంటావు, జనవరిలో బేగంపేట వింగ్స్ ఇండియా విమాన ప్రదర్శన చూసొచ్చి పెద్దదవుతోందనీ నువ్వే అంటావు.

కెప్టెన్: పెరుగుతోంది, కానీ మీ పార్టీలాంటివాళ్ళతో కాదు. 2023లో ఇండిగో 500 విమానాలకు, ఎయిరిండియా 470కి ఆర్డర్లిచ్చాయి. వాటిని నడిపేవాళ్ళు ముందు 200 గంటలు చిన్న విమానంలో ఎగరాలి. ఫ్లయింగ్ స్కూళ్ళకు శిక్షణ విమానాలు కావాలి. అసలు బేరం అక్కడుంది. మా రోజుల్లో అయితే అమ్మడానికేముంది? హెచ్ఏఎల్ 1958లో ఎగరేసిన పుష్పక్‌లే ఫ్లయింగ్ క్లబ్బులకు దిక్కు, అన్నీ కలిపి నూట అరవై దాకా చేశారేమో. నేను నేర్చుకున్నదీ దాని మీదే. బట్ట రెక్కలు, 90 హార్స్‌పవర్.

ఆడిటర్: అయితే స్కూళ్ళకు అమ్ముకో. వాళ్ళకు ఇంజినీర్లుంటారు, వాళ్ళే చూసుకుంటారు, నీ శాతం నువ్వు తీసుకో. అక్కడ ఇరుపక్షాలకూ కళ్ళున్నాయి. ఒంటరిగా వచ్చే మా పార్టీలాంటివాడి దగ్గర మాత్రం శాతం తీసుకోకు. అతను నిన్ను నమ్మి వస్తాడు, విమానం గురించి తెలిసి కాదు. చూసిపెట్టినందుకు ఒక ఫీజు. కొన్నా అంతే, మానేసినా అంతే. అమ్మేవాడి నుంచి ఒక్క పైసా వద్దు. ఆ ఫీజు మా పార్టీ చేత నేనిప్పిస్తాను.

కెప్టెన్: ఈయన చేత మీరిప్పిస్తారు. వెనక మీలాంటి ఆడిటర్ లేని తర్వాతి పార్టీ చేత ఎవరిప్పిస్తారు?

ఆడిటర్: నీ మొదటి పేజీ ఇప్పిస్తుంది. 'నా ఫీజు ఇంత, మీరు కొనకపోయినా ఇవ్వాలి' అని అక్కడ రాయి, లావుపాటి అక్షరాల్లో. అది చదివి సగం మంది వెళ్ళిపోతారు. వెళ్ళినవాళ్ళు ఎటూ నీ మూడో పేజీ చదివేవాళ్ళు కాదు.

కెప్టెన్: సగం కాదు బావా, పదిమందిలో తొమ్మండుగురు పోతారు. నేను ఈ వయసులో దుకాణం కట్టేసుకోవాల్సి వస్తుంది. మీరు చెప్పింది న్యాయం. కానీ ఆ న్యాయానికి ఖరీదు నా ఒక్కడి జేబులోంచి పోతుంది.

ఆడిటర్: అవును, నీ జేబులోంచే. అందుకే ఇంతవరకూ ఎవరూ చేయలేదు. సరే, అందరి సంగతీ ఈరోజే తేలదు. ఈ ఒక్క ఫైలు తేలుద్దాం. ఫీజు నేనిప్పిస్తాను అనుకుని, మా పార్టీకి నువ్వేం చెబుతావో చెప్పు.

కెప్టెన్: ఈ విమానం వద్దు. అమ్మేవాడు రేపు సిలిండరు తీయనిచ్చినా ఈ ఏడాదికి వద్దు. ముందు ఏదైనా క్లబ్బులో గంటల చొప్పున ఇచ్చే విమానంలో, పక్కన ఇన్‌స్ట్రక్టర్‌ను పెట్టుకుని ఎగరమనండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం. ఎన్నిసార్లు అనుకున్నాడో, ఎన్నిసార్లు నిజంగా లేచాడో ఆవిడను రాయమనండి. ఆ పట్టీ చూశాక కూడా సొంతది కావాలంటే, ఫ్లయింగ్ స్కూల్లో రోజూ తిరిగి, లాగ్‌బుక్‌లో వానాకాలం ఎంట్రీలున్న విమానం నేను వెతుకుతాను.

ఆడిటర్: ఈ మాటే మొదటి పేజీలో రాసిస్తే, దాని మీద నా సిఫార్సు రాసి పార్టీకి పంపుతాను. ఫీజు ఎంత వేయమంటావు?

కెప్టెన్: మీరు కంపెనీ ఆడిట్‌కు ఎంత తీసుకుంటారో అంత.

ఆడిటర్: అది మరీ ఎక్కువ.

కెప్టెన్: చూశారా, 'కొనొద్దు' అనే మాటకు మీకే ధర ఎక్కువనిపిస్తోంది.

ఆడిటర్: ...సగం. అడ్వాన్సుగా. రసీదు ఇవ్వాలి.

కెప్టెన్: ఇస్తాను. రసీదు మీద 'సలహా రుసుము' అని రాస్తాను, 'కమిషన్' అని కాదు. నా పుస్తకంలో అలాంటి రసీదు ఇదే మొదటిది.